పార్సిలు గది పెద్దలు

డిపోలో ఆమెను అందరూ గేరక్క అంటారు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు బస్సును షెడ్డులోంచి బయటికి తీస్తూ గేరు మార్చబోతే, వర్క్‌షాపులో పడుకున్న కుక్క కూడా లేచి చూసేంత గట్టిగా కీచుమంది. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఆమె చేతిలో ఏ గేరూ కిమ్మనలేదు గానీ, పేరు మాత్రం అతుక్కుపోయింది.

నిజానికి బస్సు నడపడం ఆమెకు విశ్రాంతి. ఒకటే స్టీరింగు, ఒకటే దారి, ఎక్కేవాళ్లు ఎక్కుతారు, దిగేవాళ్లు దిగుతారు. ఇల్లు అలా కాదు. లిఫ్టు లేని భవనంలో రెండో అంతస్తు. మూడు గదుల్లో ఆరుగురు మనుషులు. తండ్రి, అత్తగారు, భర్త, తొమ్మిదో తరగతి చదివే కూతురు, ఇంకా బూటు లేసు కట్టుకోవడం రాని కొడుకు, తను.

తండ్రి దర్జీ. బతికినంతకాలం మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క పెట్టుకుని బతికిన మనిషి. భార్య పోయాక ఆయన జ్ఞాపకం కుట్లు ఊడినట్టు ఒక్కొక్కటే ఊడుతూ వచ్చింది. మొదట పొయ్యి ఆర్పడం మరిచిపోయాడు, తర్వాత కొట్టుకు దారి మరిచిపోయాడు. కొట్టు ఖాళీ చేయించి గేరక్క ఆయన్ని తన ఇంటికి తెచ్చుకుంది. ఆ సరికే ఆ ఇంట్లో అత్తగారు ఉన్నారు. ఆవిడకు మతి పాదరసం. మోకాళ్లే మొరాయించాయి. మెట్లు దిగి ఏడాది దాటింది.

వియ్యపురాలూ వియ్యంకుడూ ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుంటే ఆ ఇంట్లో రేడియో అక్కర్లేకపోయింది.

"అమ్మాయ్, అన్నయ్యగారు మళ్లీ నా కళ్లజోడు పెట్టుకున్నారు."

"ఇది నాదే చెల్లెమ్మగారూ."

"మీదైతే ఆ పేపరు చదవండి చూద్దాం."

"కనిపించడం లేదు. అయినా నాదే."

భర్త ఆసుపత్రి వంటశాలలో పనిచేస్తాడు. తెల్లారకముందే వెళ్లి పొద్దు వాలాక వస్తాడు. మంచివాడు. వచ్చీ రాగానే అమ్మ కాళ్లకు నూనె రాస్తాడు, మామగారికి గడ్డం గీస్తాడు, గిన్నెలు తోముతాడు, కూర్చున్న చోటే నిద్రపోతాడు. ఆ మొగుడూపెళ్లాలు మాట్లాడుకునేది ఎక్కువగా తలుపు దగ్గరే, ఒకరు వస్తూ ఇంకొకరు వెళ్తూ. "నాన్న మాత్రలు వేసుకున్నాడు." "చిన్నాడికి దగ్గు." "నువ్వు తిన్నావా?" ఆఖరి ప్రశ్నకు జవాబు చెప్పే తీరిక ఇద్దరిలో ఎవరికీ ఉండేది కాదు.

పగటిపూట మనిషిని పెట్టి చూశారు. అత్తగారి నోటి ధాటికి ఒకామె వారం కూడా నిలవలేదు. ఇంకొకామెను తండ్రి ప్రతి ఉదయం "ఎవరు కావాలమ్మా?" అని తలుపు దగ్గరే నిలబెట్టి ప్రశ్నించేవాడు. ఆమె కూడా దండం పెట్టి వెళ్లిపోయింది. ఇక మిగిలింది ఒకటే ఏర్పాటు. అత్తగారు తలుపు పక్కన కుర్చీ వేసుకుని కాపలా. ఆవిడే తలుపు, ఆవిడే తాళం.

ఒకరోజు మధ్యాహ్నం బస్సులో ముందు సీట్లో కూర్చున్న ఒక మాస్టారు ఆమెను గుర్తుపట్టాడు. కూతురి బడిలో ఆటలు నేర్పించే ఆయన.

"మీ అమ్మాయి వాలీబాల్ ఎందుకు మానేసిందమ్మా? జట్టులో అంత ఎత్తుకు ఎగిరే పిల్ల ఇంకొకతె లేదు."

మానేసిందన్న సంగతే తల్లికి తెలియదు. ఆ సాయంత్రం బట్టలు మడతపెడుతూ మెల్లగా అడిగింది. కూతురు తల ఎత్తకుండా చెప్పింది.

"తాతయ్య తలుపు తీసుకుని వెళ్లిపోతే నానమ్మ పట్టుకోలేదు కదమ్మా. బడి అయిపోగానే నేను వచ్చేస్తే మంచిది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వేం చేస్తావు? ఉద్యోగం మానేస్తావు. అంతేగా."

ఆ మాటలో కోపం లేదు. లెక్క తేలిపోయిన పెద్దమనిషి గొంతు ఉంది. కోపంగా అని ఉంటే గేరక్క సర్దిచెప్పి ఉండేది. ఇప్పుడు మడతపెట్టిన చొక్కానే మళ్లీ విప్పి మళ్లీ మడతపెట్టింది.

కూతురు భయపడ్డట్టే అయింది, కాకపోతే పిల్లలు బడిలో ఉన్నప్పుడు. అత్తగారు స్నానాల గదిలోకి వెళ్లిన కాస్త సందులో తండ్రి చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకుని, జోళ్లు తొడుక్కుని, గడియ తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆవిడ వచ్చి చూసేసరికి కుర్చీ ఖాళీ. కిటికీలోంచి చూస్తే ఆయన వీధిలో పనికి వెళ్తున్నవాడిలా చేతులూపుకుంటూ నడుస్తున్నాడు.

"అన్నయ్యగారూ, ఆగండి," అని కేకేసింది. ఆయన తిరిగి చూసి, మర్యాదగా చెయ్యి ఊపి, ముందుకే సాగాడు.

కోడలికి ఫోన్ చేసింది. బండి నడిపేటప్పుడు ఫోన్లు తియ్యకూడదు. కొడుక్కి చేసింది. వంటశాల హోరులో వినపడలేదు. పక్కింటి తలుపుకు తాళం. అప్పుడావిడ ఏడాదిగా దిగని మెట్ల ముందు నిలబడింది. మోకాళ్లు వంగవు. సరే, మోకాళ్లతో పనేముందని మెట్టు మీద చతికిలబడింది. ఒక్కో మెట్టూ కూర్చుని జారుతూ, చీర నలిగితే నలిగిందనుకుంటూ, నోటికొచ్చిన తిట్టల్లా వియ్యంకుడిని తిడుతూ వీధిలోకి చేరింది. కింద ఎవరో మరిచిపోయిన గొడుగును చేతికర్రగా పట్టుకుంది.

ఆయన ఎంతో దూరం పోలేదు. బస్టాపులో బెంచీ మీద, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని బుద్ధిగా కూర్చుని ఉన్నాడు.

"ఎక్కడికి ప్రయాణం?" అంది రొప్పుతూ.

"కొట్టుకి. పెళ్లివారి బట్టలు ఇవ్వాలి ఇవాళ. మాటిచ్చాను."

ఇంటికి లాక్కుపోయే బలం ఆవిడకు లేదు. ఉన్నా లాక్కుపోయేది కాదేమో. ఆయన ముఖం అంత తేటగా ఉండడం ఆవిడ ఎన్నడూ చూడలేదు. పక్కన చోటు చేసుకుని కూర్చుంది.

"సరే, నేనూ వస్తాను. ఒక రవిక కుట్టించుకోవాలి."

కాసేపటికి వచ్చిన బస్సు గేరక్కదే.

స్టాపులో ఆ ఇద్దరినీ అద్దంలోంచి చూడగానే ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. బస్సు ఆపి, తలుపు తెరిచి, సీట్లోంచి సగం లేచింది. తండ్రి మెట్టెక్కి, ఆమె వైపు చూసి, పరాయి మనిషికి చెప్పినంత గౌరవంగా చెప్పాడు.

"అమ్మా, దర్జీ కొట్టు దగ్గర కాస్త ఆపండి."

వెనక జనం, చేతిలో స్టీరింగు. "అలాగేనండి. కూర్చోండి," అంది. అత్తగారిని కండక్టరు రెండు చేతులా పైకి లాగాడు. ఆ కండక్టరుకు డిపోలో కబుర్ల కండక్టరని పేరు. ఆ రోజు మాత్రం ఒక్క మాటా మాట్లాడకుండా ముందు సీట్లో ఇద్దరికీ చోటిప్పించాడు.

డిపో చేరాక ఇంకో చిక్కు. టీ తాగేంతసేపట్లో మళ్లీ బయల్దేరాలి. ఇంటికి తీసుకెళ్లి రావడానికి సమయం లేదు, ఆమె బదులు ఎక్కేవాళ్లు లేరు. వర్క్‌షాపు పక్కన ఒక గది ఉంది. ఒకప్పుడు బస్సుల్లో వచ్చే పార్సిళ్లను అందులో పెట్టేవారు. ఇప్పుడు విరిగిన కుర్చీలూ, చిరిగిన సీట్లూ, దుమ్మూ ఉన్నాయి. కిటికీ మాత్రం పెద్దది. ఆ కిటికీ దగ్గర ఇద్దరినీ కూర్చోబెట్టి, మెకానిక్కులకు అప్పజెప్పి వెళ్లింది.

తిరిగి వచ్చేసరికి గది ముందు డిపో మేనేజరు నిలబడి ఉన్నాడు. కొత్తగా వచ్చినాయన. చొక్కా నలగనివ్వడు, నవ్వు జారనివ్వడు. లోపల తండ్రి ఎక్కడ సంపాదించాడో దబ్బనమూ దారమూ సంపాదించి, చిరిగిన సీటు ఒకటి ఒళ్లో పెట్టుకుని కుడుతున్నాడు.

"ఇది డిపో అమ్మా, వృద్ధాశ్రమం కాదు. ఇంకోసారి జరిగితే సస్పెండ్ చెయ్యాల్సి వస్తుంది."

"క్షమించండి సార్," అంది ఆమె.

ఆ సాయంత్రం ఇంట్లో అందరూ ఎదుటివాళ్ల కోసం తామే ఏదో ఒకటి వదులుకోవడానికి సిద్ధపడ్డారు. భర్త ఉద్యోగం మానేస్తానన్నాడు. తను మానేస్తానంది గేరక్క. కూతురు బడికి రోజు మార్చి రోజు వెళ్తానంది. చిన్నాడు కూడా ఏదైనా మానాలేమోనని ఆలోచించి, పాలు తాగడం మానేస్తానన్నాడు. ఎవరూ నవ్వలేదు.

అత్తగారు కాళ్లు చాపుకుని అంతా విన్నారు. మెట్ల మీద జారిన నొప్పి ఇంకా తగ్గలేదు. అయినా ఆవిడ ముఖంలో ఏదో వెలుగుంది.

"ఆ గది బాగుందమ్మాయ్," అన్నారు.

"ఏ గది అత్తయ్యా?"

"అదే, దుమ్ము కొట్టుకుపోయిన ఆ పార్సిళ్ల గది. కిటికీలోంచి బస్సులు వస్తూ పోతూ కనిపిస్తాయి. ఒక మెకానిక్కు కుర్రాడు టీ ఇచ్చాడు. ఒకామె తన కోడలి మీద చాడీలు చెప్పి పోయింది. ఏడాదిగా నేను చూసింది ఈ నాలుగు గోడల్నీ, మీ నాన్న ముఖాన్నీ. ఇవాళ నలుగురు మనుషుల్ని చూశాను. ఆయన ఆ సీటు కుడుతున్నంతసేపు కొట్టు మాటే ఎత్తలేదు, తెలుసా?"

గేరక్క అత్తగారి కాళ్ల దగ్గర కూర్చుని, "మా డిపోలో ఇలాంటివాళ్లు ఇంకా ఎంతమంది ఉన్నారో," అంది.

మర్నాడు టీ వేళ కబుర్ల కండక్టరుతోనే మొదలుపెట్టింది. అతను గ్లాసులోకి చూస్తూ, ఎన్నాళ్లుగానో దాచుకున్నది బయటపెట్టాడు.

"మా అమ్మకు చూపు లేదు అక్కా. ఇంట్లో ఎవరూ ఉండరు. బయట గడియ పెట్టి వస్తున్నాను. దారంతా ఇన్ని కబుర్లు ఎందుకు చెబుతాననుకున్నావు? ఊరుకుంటే ఆ గడియే గుర్తొస్తుంది."

ఆమె అక్కడితో ఆగలేదు. డ్రైవర్లనూ, కండక్టర్లనూ, బస్సులు కడిగే ఆడవాళ్లనూ ఒక్కొక్కరినే కదిలించింది. ఒకరి మామగారికి పక్షవాతం. ఒకరి పిన్ని ఒంటరిది, పడిపోతుందేమోనని పూటపూటా భయం. పిల్లలు బడినుంచి వచ్చి తాతకు అన్నం తినిపిస్తున్న ఇళ్లు, పెద్దవాళ్లకు జ్వరమొస్తే డ్యూటీ ఎగ్గొట్టి తిట్లు తింటున్న ఇళ్లు. ఇంతకాలం ఎవరికి వారు తమ ఇంట్లో ఒక్కచోటే ఇలా ఉందనుకుని నోరు నొక్కుకున్నారు.

కొందరు ఆవేశపడ్డారు. బస్సులు ఆపేద్దామన్నారు.

"ఆపకూడదు," అంది గేరక్క. "బస్సు ఆగితే తప్పు మనదవుతుంది. ఒక్క బండి కూడా ఆలస్యం కాకూడదు. అందరం డ్యూటీ ఎక్కుదాం. పెద్దవాళ్లు మాత్రం ఇక్కడ కూర్చుంటారు. అంతే."

కబుర్ల కండక్టరు భార్య పగలంతా ఒక నర్సింగ్ హోములో రోగులను చూసుకుంటోంది. అందరూ తలా కాస్త వేసుకుని జీతమిస్తే ఆమె అది మానేసి రోజంతా ఇక్కడే ఉంటానంది. మేనేజరు రాని ఆదివారం డ్యూటీ లేనివాళ్లంతా కలిసి గదిని కడిగారు. మెకానిక్కులు కుర్చీల కాళ్లు బిగించారు. భర్త ఆసుపత్రిలో పక్కన పడేసిన ఒక చక్రాల కుర్చీని అడిగి తెచ్చాడు. దాని ఒక చక్రం వంకర. దాన్నీ సరిచేశారు.

ఆ సోమవారం పొద్దున మొదటి బస్సుల్లో పెద్దవాళ్లు రావడం మొదలుపెట్టారు. కర్రలతో ఒకరు, భుజాలు పట్టుకుని ఒకరు. ఇదే డిపోలో ఒకప్పుడు డ్రైవరుగా చేసిన తాత ఒకాయన గేటు దాటగానే నిలబడి, డీజిలు వాసన గుండెనిండా పీల్చుకున్నాడు. కండక్టరు తల్లి కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చింది. గదిలో అడుగుపెట్టి, గోడలు తడిమి, "ఇది పెద్ద గదేరా. మాట తిరిగొస్తోంది," అంది సంతోషంగా. అత్తగారు ఈసారి కొడుకు వీపు మీద మెట్లు దిగి వచ్చారు. వచ్చీ రాగానే గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకున్నారు. కాపలా ఆవిడకు అలవాటైన పని.

మేనేజరు వచ్చి చూసి నిశ్చేష్టుడయ్యాడు.

"ఎవరి పర్మిషన్‌తో కూర్చున్నారు ఇక్కడ?"

"మీ పర్మిషన్ కోసమే కూర్చున్నాం బాబూ," అన్నారు అత్తగారు. "ఇచ్చేదాకా కూర్చుంటాం. ఇచ్చాక కూడా కూర్చుంటాం."

లోపల ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరు ముఖం ఎర్రబడింది. గేరక్క అప్పటికే బస్సెక్కబోతూ ఉంది. దిగి వచ్చింది.

"సార్, ఒక్క మాట. ఇవాళ డ్యూటీకి రానివాళ్లు ఎవరైనా ఉన్నారా?"

ఆయన డ్యూటీ బోర్డు వైపు చూశాడు. ఆయన ఈ డిపోకు వచ్చిన నాటినుంచి ఆ బోర్డులో ఖాళీ లేని ఉదయం లేదు. ఎవరో ఒకరు రాకపోవడం, ఎవరినో బతిమాలి రెండో డ్యూటీ ఎక్కించడం, బస్సులు ఆలస్యమవడం, పై ఆఫీసు నుంచి చివాట్లు. ఇవాళ అందరూ వచ్చారు.

"వీళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టే మేమంతా అక్కడ ఉన్నాం సార్. నేను స్టీరింగు పట్టుకుని మా నాన్న ఏ రోడ్డు మీద ఉన్నాడో అని వెతుక్కుంటూ నడిపితే, నా వెనక కూర్చున్నవాళ్లకు మంచిది కాదు."

"ఎవరైనా పడిపోతే? ఏదైనా జరిగితే ఎవరిది బాధ్యత?"

"ఇంట్లో పడిపోతే లేపేవాళ్లు కూడా లేరు సార్. ఇక్కడ చూసుకునే మనిషి ఉంది, పక్కనే ఫస్ట్ ఎయిడ్ గది ఉంది, చుట్టూ మేమంతా ఉన్నాం. మీరు వద్దంటే రేపు తీసుకెళ్లిపోతాం. కానీ రేపు మళ్లీ ఆ బోర్డులో ఖాళీలు ఉంటాయి. అవి మేం కావాలని చేసేవి కావు."

ఆయన గదివైపూ, బోర్డువైపూ, గడియారంవైపూ చూశాడు. "ముందు బండి తియ్యండి. సాయంత్రం మాట్లాడదాం."

"అంటే సాయంత్రం దాకా ఉండమన్నట్టేగా," అన్నారు అత్తగారు.

గేరక్క ఆ రోజు బండి నడిపిన తీరు ఆమెకే తెలియాలి. ఒక్క స్టాపులోనూ ఆలస్యం కాలేదు. సాయంత్రం డిపోలో దిగి, ఏమైందో ఏమోనని గబగబా గది దగ్గరికి వెళ్లి, గుమ్మంలోనే ఆగిపోయింది.

మేనేజరు గది మధ్యలో చేతులు చాపి నిలబడి ఉన్నాడు. తండ్రి టేపు పట్టుకుని ఆయన కొలతలు తీసుకుంటున్నాడు. మాట్లాడదామని వచ్చిన మేనేజరును చొక్కా కుట్టించుకోవడానికి వచ్చినవాడనుకున్నాడు ఆయన. కాదని చెప్పడానికి మేనేజరు రెండుసార్లు నోరు తెరిచాడట. "కదలకండి సార్, కొలత తప్పుతుంది," అని ఆయన నోరు మూయించాడట. చుట్టూ పెద్దవాళ్లంతా నాటకం చూస్తున్నట్టు చూస్తున్నారు.

"బాగా చిక్కారు సార్ మీరు," అన్నాడు తండ్రి నడుము చుట్టూ టేపు తిప్పుతూ. "పోయినసారి కంటే వదులు. ఇంట్లో వేళకు తింటున్నారా?"

అంతకుముందు ఆ ప్రశ్న మేనేజరును ఎవరు అడిగారో, అడిగి ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలియదు. చేతులు అలాగే చాపి, కళ్లు మాత్రం కిటికీ వైపు తిప్పుకున్నాడు. కొలతలు పూర్తయ్యాక గేరక్కను పక్కకు పిలిచాడు.

"నెల రోజులు చూద్దాం. పై ఆఫీసుతో నేను మాట్లాడతాను. గుమ్మం దగ్గర ఆ మెట్టుకు ఒక వాలుబల్ల వేయించాలి. లేకపోతే ఆ చక్రాల కుర్చీ పడిపోతుంది."

ఆ వాలుబల్ల మాట వినగానే ఆమెకు అర్థమైంది, గెలిచామని. బయటికి వచ్చి చెప్పగానే డిపోలో అన్ని బస్సుల హారన్లూ ఒకేసారి మోగాయి. ఇన్నాళ్లూ నోరెత్తని మనుషులు ఆ హారన్లతో అరిచినట్టుంది. కండక్టరు మాత్రం అరవలేదు. గదిలోకి వెళ్లి తల్లి పక్కన నేలమీద కూర్చుని, ఆవిడ చెయ్యి తీసి తన తలమీద పెట్టుకున్నాడు.

నెల గడిచింది. ఆ నెల లెక్క మళ్లీ ఎవరూ అడగలేదు. గదికి రంగులు వేశారు. పాత డ్రైవరు తాతకు ఏ బస్సు ఇంజను ఎలా మూలుగుతోందో మెకానిక్కులకు చెప్పడం ఒక కాలక్షేపం. తండ్రి జబ్బు తగ్గలేదు. తగ్గదని డాక్టరు ముందే చెప్పాడు. కొన్ని రోజులు కూతురిని గుర్తుపడతాడు, కొన్ని రోజులు "డ్రైవరు గారూ" అంటాడు. మొదట్లో ఆ పిలుపు ఆమె గుండెలో గుచ్చుకునేది. తర్వాత, ఎలా పిలిచినా ఆ గొంతులో తన మీద నమ్మకం ఉందని తెలుసుకుంది. చిరిగిన సీట్లు ఆయన ముందు పెడితే చాలు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పెళ్లివారి బట్టలు కుట్టినంత శ్రద్ధగా కుట్టేవాడు. ఆ డిపో బస్సుల్లో చిరిగిన సీటు దొరకడం కష్టమైపోయింది.

కూతురు మళ్లీ మైదానంలోకి వెళ్లింది. బడుల మధ్య పోటీల చివరి ఆటకు గేరక్క సెలవు పెట్టింది. ఎన్నో ఏళ్లలో ఎవరి జ్వరం కోసమూ కాకుండా పెట్టిన మొదటి సెలవు అది. భర్త కూడా వచ్చాడు. ఆట మధ్యలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, చాలాకాలానికి మందుల ఊసు లేని మాటలు మాట్లాడుకున్నారు. చివరి బంతికి కూతురు వల మీదికి ఎగిరిన ఎత్తు చూసి తల్లి లేచి నిలబడిపోయింది. బంతి అవతలివాళ్ల చేతుల మధ్యలోంచి దూసుకుపోయి నేలను తాకింది. జట్టంతా వచ్చి ఆ పిల్ల మీద పడ్డారు. గేరక్క ఏడుస్తోందో నవ్వుతోందో భర్తకు తెలియలేదు. ఆయన ముఖమూ అలాగే ఉంది మరి.

ఆ ఏడాది చివర్లో పక్క డిపోనుంచి కొందరు డ్రైవర్లు గదిని చూడడానికి వచ్చారు. తమ దగ్గర కూడా ఇలాంటిది పెట్టాలనుకుంటున్నారట. మేనేజరు వాళ్లను స్వయంగా తీసుకొచ్చి, "వివరాలు వీరు చెబుతారు," అని అత్తగారికి అప్పగించి తప్పుకున్నాడు. ఆవిడ గుమ్మం కుర్చీలోంచి వాళ్లను కిందనుంచి మీదిదాకా ఒకసారి చూశారు.

"ముందు కూర్చోండి నాయనా. మీ ఇళ్లల్లో ఎవరెవరున్నారో చెప్పండి. ఒక్కొక్కరే. తొందరేం లేదు."

బయట గేరక్క బండి స్టార్ట్ చేస్తూ ఆ మాట విని నవ్వుకుంది. వాళ్లు సాయంత్రందాకా కదలలేరని ఆమెకు తెలుసు. కండక్టరు వెనకనుంచి రెండుసార్లు బెల్లు కొట్టాడు. నిండా జనంతో బస్సు గేటు దాటి ఎండలోకి వచ్చింది.